తొమ్మిది స్టూళ్ళు

"స్టూళ్ళు ఇచ్చేదాకా లేవమండి" అంటూ కృపావతి బట్టల కొట్టు మెట్ల మీద చతికిలబడింది. ఆమె వెనకే చీరలు చూపించే మిగతా ఎనిమిదిమందీ కూర్చున్నారు.

పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉద్యోగం. కృపావతి కాళ్ళ నరాలు ఉబ్బిపోయాయి. ఇంకా నిలబడితే మంచాన పడతావని డాక్టరు చెప్పేశాడు. మానేస్తే ఇల్లు గడవదు. షావుకారు దశరథరామయ్య ఇప్పుడు తిడతాడో, పొమ్మంటాడో తెలియక ఆమె గుమ్మం వైపే చూస్తోంది.

గుమ్మంలోకి వచ్చిన షావుకారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"శభాష్ కృపావతీ! అచ్చం ఆ సినిమాలోలాగే కూర్చున్నారే!"

ఆయన కూతురు నిఖిత నందిగామ కాలేజీలో పాఠాలు చెబుతుంది. అమెరికా సినిమాల్లో సామాన్యుడి తిరుగుబాటు మీద ఓ పుస్తకం కూడా రాసింది. ఆ పుస్తకం ఆవిష్కరణ రోజు కాలేజీలో పాత అమెరికా సినిమా ఒకటి వేశారు. అందులో కూలీలు మిల్లు ముందు కూర్చుని యజమాని మెడలు వంచుతారు. అప్పట్నుంచీ షావుకారు కొట్లో ఆ కథ చెప్పని రోజు లేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆయన చెప్పేవాడు, వీళ్ళు నిలబడి వినేవాళ్ళు.

దశరథరామయ్య చెప్పులు విడిచి, కండువా నడుముకి బిగించి, వచ్చి వాళ్ళ మధ్యన కూర్చున్నాడు.

"భయపడమాకండి, నేనున్నా. అనండీ, స్టూలు మా హక్కు!"

"మా హక్కు" అన్నారు అమ్మాయిలు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ.

మధ్యాహ్నానికల్లా షామియానా వేయించాడు. అందరికీ మజ్జిగ తెప్పించాడు. చిల్లకల్లు నుంచి పెళ్ళిబట్టలకి వచ్చినవాళ్ళని "ఇయ్యాల సమ్మె, రేపు రండి" అని తనే వెనక్కి పంపాడు. కృపావతికి అంతా అయోమయంగా ఉంది. గెలుస్తున్నామో ఓడుతున్నామో అంతుపట్టడం లేదు. వరమివ్వాల్సిన దేవుడే పక్కన కూర్చుని తపస్సు చేస్తుంటే ఇంకెవర్ని అడగాలి?

ఉండబట్టలేక నిఖితకి ఫోన్ చేసింది.

"నేను రాసిందే అది అక్కా! అలాంటి సినిమా చూస్తే కోటీశ్వరుడు కూడా తనే పేదవాణ్ణనుకుంటాడు. నాన్న పుస్తకం చదవలేదా?"

"సగం చదివి ఏడ్చేశా అన్నారమ్మా."

"ఆ ముక్క మిగతా సగంలో ఉంది. మొహమాటపడకుండా ఆయన్నే అడిగెయ్."

సాయంత్రానికి షావుకారు గొంతు బొంగురుపోయింది. అయినా పిడికిలి దించడం లేదు. కృపావతి ధైర్యం కూడగట్టుకుంది.

"షావుకారుగారూ, కొట్టు మీదే కదండీ! ఆ తొమ్మిది స్టూళ్ళూ మీరే ఇచ్చేస్తే అయిపోద్ది కదండీ!"

నినాదం సగంలో ఆగింది. దశరథరామయ్య ఆమెని వెన్నుపోటు పొడిచినదాన్ని చూసినట్టు చూశాడు.

"ఎంత మాటన్నావు కృపావతీ! పొద్దుట్నుంచి మీతోపాటు సమ్మెలో కూర్చున్నోణ్ణి, ఇప్పుడు లేచెళ్ళి ఆ యజమానితో చేతులు కలపమంటావా?"