హస్తవాసి

చుక్కకి ఈసారి కూడా చూలు నిలిచింది.

నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఆ ఆడగుర్రం ఒకప్పుడు వరసగా మూడుసార్లు కడుపు నిలవక ఈచుకుపోయింది. యజమాని అమ్మేద్దామనుకున్నాడు. అప్పుడే, లాయం చూసుకునే మనిషి ఒక పసుపురంగు నూనెమందు సీసా తెచ్చి తన భార్య చేతిలో పెట్టాడు.

“రోజూ పొద్దున దాణాలో కలిపి పెట్టు. నీ హస్తవాసి మంచిది. నువ్వు పెడితేనే నిలుస్తుంది.”

నిలిచింది. ఈ నాలుగేళ్ళలో లాయంలోని ఆడగుర్రాలకి ఆమె చేతిమీదుగా తొమ్మిది గుర్రప్పిల్లలు పుట్టాయి. ఒక్కటీ జారిపోలేదు.

ఆమె కడుపు మాత్రం పండలేదు. నెల తప్పేది. ఆశ పుట్టేది. ఇరవై రోజులకి ఆ ఆశ కాస్తా నీరుగారిపోయేది.

“గుర్రాలకి అచ్చొచ్చిన చెయ్యి సొంత కడుపుకి అచ్చిరాలేదేం?” అని ఆడపడుచు భోజనాల దగ్గర, నలుగురిలో దెప్పింది.

భర్త కంచం ముందునుంచి లేచాడు. “దాన్నెవరూ ఏమీ అనొద్దు. లోపం నాది.”

ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. పెళ్ళాం మీది నింద తన నెత్తినేసుకునే మగాడు ఎంతమందికి దొరుకుతాడు? పిల్లలు లేకపోతే మానె, ఈ మనిషి చాలు అనుకుంది.

ఎప్పుడూ మధ్యాహ్నం వచ్చే గుర్రాల డాక్టరు ఆరోజు పొద్దున్నే వచ్చాడు. ఆమె దాణాలో మందు పోసి కలుపుతోంది. మణికట్టు దాకా నూనె.

“ఇంకా వొట్టి చేత్తోనేనా?” అన్నాడు.

“ఏం డాక్టరుగారూ?”

“అదేంటమ్మా, ఇది చర్మంలోంచి ఒంట్లోకి దిగిపోతుంది. గుర్రానికి చూలు నిలుపుతుంది గానీ, ఆడవాళ్ళకి నెలసరి గాడి తప్పిస్తుంది. రోజూ ముట్టుకుంటుంటే కడుపు రావడం కష్టం.”

ఆమె తన చేతుల వంక చూసుకుంది. నాలుగేళ్ళు! ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. అయితే లోపం తనదీ కాదు, ఆయనదీ కాదు.

“తెలియక తనే ఈ పని నాకు అప్పజెప్పానని ఆయన ఎంత కుమిలిపోతారో! మీరే కాస్త మెల్లగా చెప్పండి డాక్టరుగారూ.”

డాక్టరు అయోమయంగా చూశాడు.

“కొత్తగా చెప్పడానికేముందమ్మా, మందిచ్చిన మొదటిరోజే అంతా చెప్పి నేను చేతితొడుగులిస్తే, ‘మా ఆవిడకి పిల్లలు వద్దట, ఇవెందుకు’ అని నవ్వుతూ తిరిగిచ్చేసింది మీ ఆయనే కదా!”