మౌస్ ముట్టని మాస్టర్

"డాడీ, సాయంత్రం అయిదింటికి బంద్ అయితది," అన్నది కల్పన. ఇది పదోసారి.

ఇంజనీరింగ్ సీటుకు కాలేజీల పేర్లు ఆన్‌లైన్ల పెట్టుడుకు ఇయ్యాల్నే ఆఖరు. ఇంట్ల కంప్యూటర్ ఉన్నది, నెట్ డాంగిల్ ఉన్నది. రెండింటికీ మాటల్లేవు.

తప్పు తండ్రి పరశురాములుది. "కంప్యూటర్ల విండోస్ తీసేసి లినక్స్ ఏసుకో సార్, వైరస్ రాదు, ఫ్రీ," అన్నరు ఆఫీసుల ఎవరో. పరశురాములు ఆఖరి ముక్క ఒక్కటే విన్నడు, ఏయించిండు. అంతకుముందు వైరస్ రాకుండ కంప్యూటర్ రూం బయట అందరితోని చెప్పులు విడిపించేటోడు.

మిర్యాలగూడల నెట్ సెంటర్ల ముందు లైను రోడ్డు దాకా ఉన్నది. మూడున్నరయింది. ఆఫీసాయనే మళ్ళ ఒక నంబరిచ్చిండు. "కోదాడల వినయ్ అని ఉన్నడు. లినక్స్‌ల మాస్టర్. ఫోన్లనే బాగు చేస్తడు. పైస తీసుకోడు."

ఈసారి కూడ పరశురాములుకు ఆఖరి ముక్కే నచ్చింది.

"ముందు మౌస్ పక్కన పెట్టండి అంకుల్," అన్నడు వినయ్ ఫోన్ల.

"మౌస్ లేకుండ ఎట్ల బాబూ?"

"నేనైతే ఎప్పుడూ ముట్టను. కంట్రోల్, ఆల్ట్, టి. మూడూ ఒక్కసారే నొక్కండి."

నొక్కిండు.

"అయ్యో, నల్లడబ్బా వచ్చింది! ఖరాబైందా?"

"నలుపంటే భయమెందుకు అంకుల్? నాకు అలవాటే. నేను చెప్పింది కొట్టి, ఏమొచ్చిందో మొత్తం చదవండి."

పరశురాములు చదివిండు. చుక్క వదలలే, గీత వదలలే. గొంతెండింది.

"గిదంత నేను చదువుడేంది? జర నువ్వే బస్సెక్కి వచ్చి సూడరాదు?"

"నేనొచ్చినా మీరే చదవాలి అంకుల్."

పరశురాములు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఎంత బద్దకమే వీనికి!" అన్నడు కూతురుతోని.

"డాడీ, నాలుగున్నర," అన్నది కూతురు.

అప్పటికి వినయ్‌కు సంగతి దొరికింది. "మీ డాంగిల్ తనను తాను సీడీ అనుకుంటుంది అంకుల్. ఆ సీడీని బయటికి తోసేస్తే దారికొస్తది. సుడో, స్పేస్, ఇజెక్ట్, స్పేస్..."

అక్షరం అక్షరం చెప్పిండు. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది.

"కొడ్తున్న గని ఒక్క చుక్క కనపడ్తలేదు!"

"లినక్స్‌ల అంతే. కనపడకున్నా కొట్టండి. వేళ్ళకు తెలుస్తుంది."

డాంగిల్ మీద లైటు వెలిగింది. కల్పన తండ్రిని కుర్చీల నుంచి తోసినంత పని చేసింది. అయిదుకు పది నిమిషాలుండంగ ఆఖరి కాలేజీ పెట్టి సేవ్ కొట్టింది.

నెలకు సీటొచ్చింది. కోదాడల్నే.

చేర్పిచ్చెటందుకు పోతుంటే, "ఆ పిలగాని ఇంటికి ఉత్త చేతులతోని పోతవా?" అన్నది భార్య ధనలక్ష్మి. నిజమే అనిపించింది. గృహప్రవేశానికొచ్చిన గోడ గడియారాలు బీరువల ఏడు ఉన్నయి. అన్నిట్ల ఒక్కటే గంటలు కొడ్తది. పరశురాములు దాన్ని చేతిలకు తీసుకున్నడు. మళ్ళ లోపల పెట్టిండు. కొట్టనివాట్ల ఒకదానికి కొత్త కాగితం చుట్టిండు.

కోదాడల పరశురాములు పలకరించంగనే వినయ్ గొంతు గుర్తుపట్టి, లేచి నమస్తే పెట్టిండు.

"మంచి కంపెనీది బాబూ," అన్నడు పరశురాములు పొట్లం చేతిల పెట్టుకుంట. "గంటలు గింటలు కొట్టి పరేషాన్ చెయ్యదు. అసలు చప్పుడే రాదు."

వినయ్ కాగితం విప్పి, గడియారం అద్దాన్ని వేళ్ళతో తడిమి, చెవికి ఆనించుకొని, "గంటలు కొట్టకపోతే, పుట్టుకతోనే చూపు లేనోడికి టైం ఎట్ల తెలుస్తుంది అంకుల్?" అన్నడు నవ్వుకుంట.