బీట్‌రూట్ ప్రమాణం

"శేషాచలం అడవుల అసలైన ఎర్రచందనంతో, ఇంట్లో చేసిన లిప్ బామ్!"

చెక్‌పోస్టు దగ్గర ఫారెస్టు ఆఫీసరు హరినాథ్ డబ్బా మీది లేబుల్‌ను రెండోసారి చదివాడు. మొదటిసారి తనకోసం చదువుకున్నాడు. ఈసారి అందరికీ వినపడేలా చదివాడు.

"డిక్కీలో ఇట్లాంటివి ఎన్ని ఉండాయి?"

"రెండు వందలు సార్," అని చెప్పేసి నాలుక కరుచుకుంది హేమశ్రీ.

"దుంగలు దాచిపెట్టుకోని పోయేవాళ్లను శానామందిని పట్టుకున్నానమ్మా. పేరు, వీధి, ఫోన్ నంబరు అచ్చేసుకోని పోయేవాళ్లను ఇప్పుడే సూస్తా ఉండా. దిగండి."

హేమశ్రీ దిగింది. స్టీరింగ్ ముందున్న లీలావతి కూడా దిగింది. ఆమెకు చిత్తూరులో పెద్ద బ్యూటీ పార్లరుంది. ఈ రెండు వందల డబ్బాలూ ఆమె ఇచ్చిన ఆర్డరే. హేమశ్రీకి వచ్చిన మొదటి ఆర్డరు. నచ్చితే నెలనెలా తీసుకుంటానని మాటిచ్చి, స్వయంగా తిరుపతి వచ్చి కారెక్కించుకుంది. దారిలో కాణిపాకం దర్శనం చేసుకోవచ్చని హేమశ్రీ అత్త కుప్పమ్మ కూడా వెనక సీట్లో కూర్చుని ఉంది.

ఎర్రచందనం ఉందంటే కేసు. లేదంటే ఆర్డరు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ హేమశ్రీ తవ్వుకున్నవే. పైగా లేబుల్‌కు బంగారు రంగు అంచు కూడా వేయించింది, ఎవరికీ కనపడకుండా పోతుందేమోనని.

"సార్, ఒక్క నిమిషం అట్ల పక్కకు వస్తారా?"

"పక్కకు పిలిస్తే అది ఇంకో కేసు. ఏదైనా ఈడే చెప్పండి."

హేమశ్రీ లీలావతి వైపు చూడకుండా కళ్లు మూసుకుంది. "ఆ లేబుల్ అబద్ధం సార్. అందులో ఉండేది బీట్‌రూటు."

"ఏమీ?" అంది లీలావతి.

"తేనెమైనం కరగబెట్టి, కొబ్బరినూనె, నెయ్యి పోసినా. రంగుకు ఎండబెట్టిన బీట్‌రూటు పొడి తయారుచేసి పెట్టినా. అది కలిపి తిప్పింది మా అత్త. అంతే సార్."

"మరి ఎర్రచందనమని ఎందుకు రాసినారు?"

"బీట్‌రూటని రాస్తే ఎవురు కొంటారు సార్? మా ఆయనే పూసుకోలా."

హరినాథ్ నవ్వలేదు. "దుంగతో దొరికినోడు కూడా అది వేపకట్టే అనే అంటాడమ్మా. నేనెట్ల నమ్మేది?"

హేమశ్రీ వెంటనే ఒక డబ్బా మూత తీసి, వేలితో సగం తీసి మింగేసింది. నెయ్యి ఎక్కువైందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఎమ్మెస్సీ బోటనీ చదివినందుకు నడిరోడ్డు మీద మైనం తినే యోగం పట్టిందనుకుంది.

"తింటే ఏం తెలుస్తాది? ఈ దోవలోనే కాణిపాకం ఉండాది కదా. ఆ స్వామి మీద ప్రమాణం చేయండి. ఆయన పేరు చెప్పి అబద్ధమాడినోళ్లను నేనింతవరకు సూడలా."

హేమశ్రీకి ప్రాణం లేచొచ్చింది. వ్యాపారం మొదలుపెట్టాక ధైర్యంగా నిజం చెప్పే అవకాశం రావడం ఇదే మొదలు.

"వద్దే అమ్మీ! స్వామి జోలికి పోవద్దు!" కుప్పమ్మ గబగబా కారు దిగి కోడలి కొంగు పట్టుకుంది.

"నువ్వుండత్తా. నిజం చెప్పేదానికి భయమేల?" కొంగు విడిపించుకుని చెయ్యెత్తింది హేమశ్రీ. "కాణిపాకం వినాయకుడి సాక్షిగా సెప్తా ఉండా. ఇందులో ఎర్రచందనం ఆవగింజంత కూడా లేదు. ఉంటే నా నోరు పడిపోనీ!"

కుప్పమ్మ టపటపా లెంపలు వేసుకుంది.

ఆ మాటతో హరినాథ్ మెత్తబడ్డాడు. "సరే పోండి. ముందు ఆ లేబుళ్లు పీకేయండి. ఇంకోసారి ఈ పేరుతో కనపడితే వినాయకుడు వచ్చి చెప్పినా వినను."

లీలావతి డిక్కీ తెరిచి అట్టపెట్టెను రోడ్డు మీద పెట్టింది. "శేషాచలం చందనమని నా కస్టమర్లందరికీ చెప్పి పెట్టుకోనుండాను హేమా. బీట్‌రూటు పూసుకునేదానికైతే వాళ్లు నా పార్లరుకు యాల వస్తారు? వాళ్లింట్లో కూరకు తెచ్చుకున్నది ఉంటాది."

"అక్కా, రేటు తగ్గిస్తా..."

"నాకు నమ్మకం తగ్గింది కదమ్మా."

కారు చిత్తూరు దారి పట్టింది. అత్తాకోడళ్లు పెట్టెను మోసుకుంటూ బస్సులు ఆగే చోటికి చేరి, దాని మీదే కూర్చున్నారు.

హేమశ్రీకి ఏడుపొచ్చింది. అంతలోనే నవ్వూ వచ్చింది. "సూసినావా అత్తా నా తెలివి? అబద్ధం చెప్పి ఆర్డరు తెచ్చుకుంటి. నిజం చెప్పి పోగొట్టుకుంటి. ఇంతా చేస్తే ఖర్చయింది అర డబ్బా, అది కూడా నేనే తింటి."

కుప్పమ్మ కాణిపాకం వైపు తిరిగి ఇంకా లెంపలు వేసుకుంటూనే ఉంది.

"ఎందుకత్తా నువ్వు లెంపలేసుకునేది? కేసు లేకుండా బయటపడితిమి కదా. పోనీలే, ఆ స్వామి ముందర ఒక్క నిజమన్నా చెప్పినా."

కుప్పమ్మ చెక్‌పోస్టు వైపొకసారి చూసి, కోడలి చెవి దగ్గరికి వంగింది.

"యాడ చెప్పినావే తల్లీ! దేవుడి దోవలో అబద్ధాన్ని మోసుకోని పోకూడదని, నీ బీట్‌రూటు పొడి మొక్కల్లో పారబోసి, నా పెండ్లికి మా యమ్మిచ్చిన ఎర్రచందనం బొమ్మలు రెండూ మెడకాయల దాకా అరగదీసి కలిపినా!"