బురదయ్య రాకూడని పూట

“ఇంకా కంపు కొడుతోందా?” అని అడిగింది భార్య, మంచం కింద తడిగుడ్డతో మరోసారి తుడుస్తూ.

టైలర్ వంగి వాసన చూశాడు. పైన ఫినాయిలు, దాని కింద పుల్లటి కంపు. నెలల కిందట బురదయ్య కక్కిన చోటు అది. కక్కి, అందులోనే చెంప ఆనించి గురక పెట్టాడు. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన గచ్చును వదలడం లేదు.

“కొడుతోంది,” అన్నాడు మొహం చిట్లించి. “దాని ముక్కుకి ఇట్టే తెలిసిపోతుంది.”

వాళ్ళ కూతురి గురించి ఆ మాట. మేనమామ ఇంటికి వెళ్ళిపోయిన పిల్ల, అప్పట్నుంచి మొదటిసారిగా ఇవాళ భోజనానికి వస్తోంది. ఫోన్లో కచ్చితంగా చెప్పింది. “బురదయ్య ఉంటే గుమ్మంలోంచే వెనక్కి పోతా. ఇంక నన్ను పిలవద్దు.”

ఆ పిల్లని తప్పు పట్టడానికి లేదు. బురదయ్య చేసినవి ఒకటా రెండా. బాత్రూం అనుకుని బీరువా తెరిచి, ఇస్త్రీ చేసిన దాని స్కూలు బట్టల మీద ఉచ్చ పోశాడు. సీసా పగిలితే నేల మీదికి వంగి, గాజుపెంకుల మధ్య నాలుకతో నాకాడు. పెళ్ళివాళ్ళకని కుట్టి మడతపెట్టిన బట్టల మీద, షాపులోనే చొంగ కార్చుకుంటూ పడుకున్నాడు. ఒక వానరోజు స్కూలు దారిలో మురికికాలవలో వెల్లకిలా పడ్డాడు. ఒంటి మీద గుడ్డ సరిగ్గా లేదు, నోటి మీద ఈగలు. పిల్లలు చుట్టూ మూగి ఆ పేరు పెట్టారు. “ఎవరే ఈయన, మీ వీధిలోనే తిరుగుతుంటాడు?” అని స్నేహితురాలు అడిగితే, “నాకు తెలీదు,” అంది కూతురు. ఆ రోజే బట్టలు సర్దుకుంది.

పేరు మాత్రం ఇంట్లో నిలిచిపోయింది. మందు మాన్పించే డాక్టరమ్మ కూడా అదే వాడుతుంది. “బురదయ్య ఇంక రాడని ఎప్పుడూ అనుకోకండి. ఎటునుంచి వస్తాడో కనిపెట్టుకుని ఉండండి. వస్తే వాదన పెట్టుకోవద్దు, దాచుకోవద్దు, మనవాళ్ళకి చెప్పండి. కాసేపు ఓర్చుకుంటే వాడే పోతాడు,” అంటుంది.

“కోటు ఇచ్చేసి వస్తా,” అంటూ టైలర్ సంచి తీసుకున్నాడు.

“ముందు నాలుగు ముద్దలు తినండి. ఖాళీ కడుపు మనుషులంటే వాడికి మహా ప్రేమ. దార్లోనే తగులుకుంటాడు.”

తిన్నాడు.

“వెనక సందులోంచి వెళ్ళండి. వైన్‌షాపు మూల వద్దు.”

వెళ్ళేటప్పుడు సందులోంచే వెళ్ళాడు. వచ్చేసరికి పైపులకోసం దాన్ని అడ్డంగా తవ్వేసి ఉన్నారు. మూల మీదుగా రాక తప్పలేదు.

వైన్‌షాపు ముందు బోర్లించిన పెట్టె మీద గ్లాసుమామ కూర్చుని ఉన్నాడు. చేతిలో గ్లాసు లేకుండా ఆయన్నెవరూ చూడలేదు.

“ఏం మాస్టారూ, మా బురదయ్య ఏడీ? మనిషి నల్లపూస అయిపోయాడే.”

“రాడు.”

“ఒక్క గంట పంపకూడదూ? వాడు లేక మా సభకి అధ్యక్షుడు లేకుండా పోయాడు. నా చెప్పులో కక్కాడు, అయినా నేనేమన్నా అన్నానా?”

నవ్వుతుంటే పెదాల చివర నురగ కదిలింది. ఇదే గ్లాసు బురదయ్య మూతికీ ఈయన మూతికీ మధ్య తిరుగుతూ ఉండేది. అడుగున ఉమ్ము తేలుతున్నా వదిలేవాళ్ళు కారు. టైలర్ మొహం తిప్పుకున్నాడు. అంతలోనే బురదయ్య దగ్గరికి వచ్చేశాడని తెలిసిపోయింది. ఎప్పుడూ ఇంతే. చప్పుడు చెయ్యడు.

టైలర్ నడుస్తూనే బావమరిదికి ఫోన్ చేశాడు.

“బయల్దేరుతున్నాం బావా. ఎక్కడున్నావు?”

“మూల మీద. సందు తవ్వేశారు.”

“వాడొచ్చాడా?”

“వచ్చాడు.”

“ఏమంటాడు?”

“‘ఒక్క పెగ్గే. పిల్ల వచ్చేలోగా పోతా’ అంటున్నాడు.”

“పాత పాటే. నువ్వు జవాబివ్వకు. నాతో మాట్లాడు. ఎదురుగా ఏముంది?”

“చెప్పుల కొట్టు. అద్దం తుడుస్తున్నారు. ఎర్ర స్కూటరు. సీటు చిరిగింది.”

“కుడతావా?”

“మందపు దారం కావాలి. నా సూది ఆగదు.”

“మరి సీటుకి ఏ సూది వేస్తారు?”

టైలర్ చెప్పాడు. ఏ దారమో, కుట్టు ఎక్కడ మొదలుపెట్టాలో, మూల దగ్గర ఎలా తిప్పాలో చెప్పుకుంటూ నడిచాడు. బావమరిది తన జన్మలో సూది పట్టుకోకపోయినా అన్నీ అడిగాడు. చెప్పుల కొట్టు దాటాడు, మందుల షాపు దాటాడు.

“ఇంకా వెంట ఉన్నాడా బావా?”

“వెనకబడ్డాడు.”

“పద. నేను పిల్లని తీసుకొస్తున్నా.”

కూతురు వచ్చింది. చెప్పులు విప్పలేదు. “వాడున్నాడా?”

“లేడమ్మా,” అంది తల్లి.

“ఎప్పుడూ అలాగే అంటావు.”

లోపలికి నడిచింది. బాత్రూం తలుపు కాలితో తోసి చూసింది. బీరువా తీసింది. మిషను వెనక్కి తొంగిచూసింది. మంచం కింద వంగి, ముక్కు మూసుకుని లేచింది. “ఛీ, ఇక్కడింకా ఉంది కంపు.”

“పాతదే,” అంది తల్లి.

గుమ్మంలో మేనమామ ఆ పిల్ల సంచి కింద పెట్టకుండా పట్టుకునే ఉన్నాడు. టైలర్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వెతకడం అయిపోయాక కూతురు వచ్చి అతని ఎదురుగా ఆగింది. అడక్కుండానే అతను వంగాడు.

తండ్రి నోరు వాసన చూసి, “బురదయ్య లేడమ్మా,” అని చెప్పులు విప్పింది.