లవంగం వాసన

"ముట్టుకోకు," అన్నాడాయన, మోకాలికి అరచెయ్యి అడ్డం పెట్టి.

ఆవిడ ఆ చెయ్యి తీసేసి మరీ ముట్టుకుంది. మోకాలు పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నెలా కాలుతోంది. నిన్నటిదాకా బాగానే ఉన్నది తెల్లారేసరికి నున్నగా వాచిపోయింది. పైగా ఒళ్ళంతా జ్వరం. అది మామూలు మోకాలు కూడా కాదు, కిందటేడు ఆపరేషన్ చేసి కొత్త కీలు బిగించిన మోకాలు.

"మెట్లెక్కాను కదా, బెణికింది. కాపడం పెడితే అదే పోతుంది."

"బెణికితే జ్వరమెందుకొస్తుంది? పదండి ఆసుపత్రికి."

ససేమిరా రానన్నాడు. పనిచేసేచోట ఆయన ముందు నోరు తెరిచినవాళ్ళే గాని ఎదురు మాట్లాడినవాళ్ళు లేరు. ఇంట్లోనూ అదే సాగుతుందనుకుంటాడు పాపం. ఆవిడ అప్పటికే టాక్సీని పిలిచేసింది.

ఎముకల డాక్టరమ్మ సూది బయటికి తియ్యగానే ఆయన కళ్ళు మూసుకుని భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మోకాల్లోంచి వచ్చింది నీరు కాదు, చీము.

"ఇవాళే తెరిచి కడగాలి. ఆలస్యమైతే బిగించిన కీలు తీసెయ్యాల్సి వస్తుంది. ఒంటి మీద ఎక్కడైనా పుండుందా? పంటి నొప్పి?"

"అలాంటివేం లేవు," అన్నాడు చటుక్కున.

"ఉంది డాక్టరుగారూ," అంది ఆవిడ. "కొన్నాళ్ళుగా ఒక పక్కనే నములుతున్నారు. దగ్గరికొస్తే లవంగం వాసన. ఏంటని అడిగితే కసురుతున్నారు."

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. దవడ పన్ను పూర్తిగా పుచ్చిపోయి, చిగురు వాచి ఉంది.

మోకాలు కడిగారు. పన్ను పీకించారు. మందులు నరాల్లోకి ఎక్కించారు. ఇంటికి పంపేరోజు ఆయన ఎవరి సాయమూ లేకుండా వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వచ్చాడు. ఆవిడకి ఏనుగెక్కినంత సంబరమైంది.

"కీలు దక్కింది," అంది డాక్టరమ్మ. "చీములో దొరికింది నోట్లో ఉండే క్రిమే. రక్తంలో పడి మోకాలిదాకా వచ్చింది. మీ ఆవిడ వెంటనే లాక్కురాబట్టి సరిపోయింది. ఇంతకీ మీరు చూపించుకునే పళ్ళ డాక్టరెవరు? పన్ను అంతలా పుచ్చేదాకా ఏం చేస్తున్నాడా మహానుభావుడు?"

ఆయన కిటికీ వైపు మొహం తిప్పేసుకున్నాడు. ఆవిడ తీరిగ్గా సంచీ భుజాన తగిలించుకుంది.

"ఈయనేనండీ. ఊళ్ళో సగం మంది పళ్ళు ఈయనే పీకారు, తనకి మాత్రం సూదంటే భయం."