బెర్గ్లియోట్ గొంతు

“ఇందులో ఏముందో చెబితే, ఎక్కడ వెతకాలో నాకు తెలుస్తుంది,” అంది సున్నివా, పాత లాప్‌టాప్ అడుగు రేకు విప్పుతూ.

దాన్ని తెచ్చిన ముసలాయన పలకలేదు. ఆమె తలెత్తి మళ్లీ అడిగింది.

“నా భార్య గొంతు,” అన్నాడు. ఆ మాట హాలంతా వినిపించింది. పక్క టేబుల్ దగ్గర టోస్టర్ బాగుచేస్తున్న ఆయన ఓసారి ఇటు చూసి తల దించుకున్నాడు.

మోల్డే ఊరి గ్రంథాలయంలో శనివారాలు కొందరు చేరి, పాడైన సామాను బాగుచేసి పెడుతుంటారు. కంప్యూటర్లు సున్నివా చూస్తుంది. ఈ హాల్వార్డ్ అనే ఆయన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఫెర్రీ పడవల ఇంజన్ గదుల్లో పనిచేసి రిటైరయ్యాడట. లాప్‌టాప్ తీసుకెళితే దుకాణంలో చెత్తలో పారేయమన్నారట.

లాప్‌టాప్ ఎలాగూ లేవదు. సున్నివా అందులోంచి హార్డ్‌డిస్క్ బయటికి లాగి, అడాప్టర్‌కు తగిలించి, దాని యూఎస్‌బీ తీగను తన కంప్యూటర్‌కు గుచ్చింది. చిన్న దీపం వెలిగింది. తెర మీద మాత్రం ఏమీ రాలేదు.

“ఇటొచ్చి కూర్చోండి. తెర కనిపిస్తుంది.”

“ఇక్కడే బాగుంది.”

తెర వెనకాల కూర్చుని ఏం చూస్తాడో ఆమెకు అర్థం కాలేదు. ఆయన ఆమె ముఖం మీంచి చూపు తిప్పడం లేదు. ఆసుపత్రిలో డాక్టర్ ముఖంలోకి చూసే బంధువులా ఉన్నాడనుకుంది.

“టిక్కు టిక్కుమంటోంది, విన్నారా? అది మంచి గుర్తు కాదు.”

ఆయన చెయ్యి చాచి రెండు వేళ్లు డిస్క్ మీద ఆనించాడు. “అవును. తిరగబోయి ఆగిపోతోంది.”

“భలే పట్టేశారే.”

“ఇంజన్ల మధ్య బతికినవాణ్ణి. చెయ్యి పెడితే తెలుస్తుంది.”

సున్నివాకు పట్టుదల వచ్చింది. తీగ తీసి ఇంకో రంధ్రంలో పెట్టింది. లాభం లేదు. సంచిలో తల దూర్చి వెతుకుతూ, “పాత డిస్కులకు కరెంటు ఎక్కువ కావాలి. ఒక్క రంధ్రం నుంచి వచ్చేది దీనికి చాలుతున్నట్టు లేదు. ఎప్పుడు రికార్డు చేశారావిడ?” అంది. జవాబు రాలేదు. ఇష్టమైన ప్రశ్నకే జవాబిస్తాడు కాబోలు ఈ పెద్దమనిషి అనుకుంటూ లేచి, ఎదురుగా నిలబడి గబగబా మళ్లీ అడిగింది.

“మెల్లగా చెప్పు తల్లీ. మీ వయసువాళ్లు సగం మాటలు మింగేస్తారు.”

ఆమె నవ్వి, మెల్లగా అడిగింది.

“పోయే ముందు. బెర్గ్లియోట్‌కు చివర్లో చూపు పోయింది. రాయలేక ఇందులో మాట్లాడి పెట్టింది. ఇంటికొచ్చే నర్సు చేత మీట నొక్కించుకుందట. ‘నేను పోయాక ఆయన్ని వినమనండి’ అందట.”

“వినలేదా మరి?”

“ఆ వారమే ఇది చెడిపోయింది.”

సున్నివా రెండు మూతుల తీగ తీసి, రెండు రంధ్రాల నుంచీ కరెంటు ఇచ్చింది. టిక్కు టిక్కు ఆగింది. డిస్క్ సన్నగా, నిలకడగా తిరగడం మొదలుపెట్టింది. దాని మీదే వేళ్లుంచిన హాల్వార్డ్ ఆమె చెప్పకముందే నిటారుగా కూర్చున్నాడు.

తెర మీద డిస్క్ పేరు కనిపించింది. తెరవబోతే, చూసే అనుమతి మీకు లేదంది కంప్యూటర్.

“ఇదేం భయపడాల్సింది కాదు. పాత యజమానినే గుర్తుపెట్టుకుంది. నాకు అప్పగించమని చెబితే చాలు.”

కాసేపు పట్టింది. పన్ను కాగితాలు, ఊలు దుస్తుల అల్లికల నమూనాలు, పడవ బొమ్మలు. వాటి మధ్య ఒక ఫైలు. పేరు ‘హాల్వార్డ్ కోసం’. ముందుగా దాన్ని తన కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, పాడవలేదు కదా అని నొక్కింది.

“హాల్వార్డ్, మొండివాడా,” అంది ఒక నీరసమైన ఆడగొంతు. “నీ వెనక నిలబడి ఏమడిగినా ఏనాడూ పలికేవాడివి కాదు. ఇప్పుడైనా...”

సున్నివా గబుక్కున ఆపేసింది. ఇది తను వినాల్సింది కాదు. కంప్యూటర్ ఆయన వైపు తిప్పి, హెడ్‌ఫోన్లు చేతికిచ్చి, మొదటి నుంచి పెట్టి, ఆయన ఏదో అనబోతున్నా ఆగకుండా తినడానికి వాఫుల్స్ పెట్టిన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

అక్కడి నుంచి చూస్తూనే ఉంది. ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర మీద కదిలే గీతనే చూస్తున్నాడు. కన్నీళ్లు లేవు, నవ్వు లేదు. పోయిన భార్య మాట్లాడుతుంటే ఇంత రాయిలా ఎలా ఉంటారు మనుషులు? పాపం ఆవిడ ఈయనతో ఎలా వేగిందో.

గీత చివరికొచ్చింది. ఆయన హెడ్‌ఫోన్లు తీసి, ఆమెను చేత్తో పిలిచాడు.

“నువ్వెంతవరకు విన్నావు?”

“మొదటి రెండు మాటలే. ఒట్టు. తర్వాత ఆపేశాను.”

ఆయన ముఖం వాడిపోయింది. హెడ్‌ఫోన్లు ఆమె వైపు జరిపాడు. “మళ్లీ మొదటి నుంచి పెట్టు. ఈసారి నువ్వు విను. విని, ఇలా నా ఎదురుగా కూర్చుని ఒక్కో మాటా నాకు చెప్పు.”

“అదేంటండీ. ఆవిడ మీకోసం మాట్లాడింది. నేను వినడమేంటి?”

హాల్వార్డ్ చూపు ఆమె పెదాల మీదే ఉంది.

“నాకు వినపడదని ఆమెకు చివరిదాకా తెలియదు.”