అటక మీది జోడు

రుచిత విల్లు విరిగింది. మంచిర్యాలలో విలువిద్య జట్టు సెలక్షన్లకు ఇంకా పది రోజులే ఉన్నాయి.

కొత్తది తెప్పించాలంటే ఇరవై రోజులు పడుతుందట. వెదురు విల్లు లేనిదే ఆ పోటీలో నిలబడనివ్వరు. ఈ ఏడు తప్పితే వయసు దాటిపోతుంది. ఇంకేముంది, పిల్ల కాలుగాలిన పిల్లి అయింది.

"లక్సెట్టిపేట చివర మొగిలి అని మేదరి ముసలాయన ఉన్నడు. ఎన్కట విల్లులు చెక్కెటోడట. అడిగి సూడు," అన్నారెవరో.

ఆ మాట పూర్తి కాకముందే స్కూటీ తీసింది. దారిలో ఒక వెదురు కట్టె కొనుక్కుని మరీ వెళ్లింది.

మొగిలి ఆ కట్టెను చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు. నేలకేసి తట్టాడు. సన్నటి పిండి రాలింది.

"వెన్నెల దినాలల్ల నరికిండ్రు. పురుగు వట్టింది. గిది విల్లుకు రాదు బిడ్డా."

"మరేది వస్తది తాతా? జల్ది చెప్పు!"

"అమాస దినాలల్ల నరకాలె. ఏండ్లకేండ్లు పొగల మాగాలె."

"నాకు పది రోజులే ఉన్నయి!"

ఏడుపొచ్చేసింది. కళ్లు తుడుచుకుంటూ తల ఎత్తితే, పొయ్యి పైన అటక మీద రెండు వెదురు కట్టెలు కనిపించాయి. పొగకు నల్లబడి నిగనిగలాడుతున్నాయి.

"అవిగో! ఉన్నయి గదా!"

"అవి గావు." ముసలాయన ముఖం తిప్పుకున్నాడు. "జోడు అవి. వాటితోని పనుంది."

"ఏం పని? నిచ్చెనకా?"

"గసొంటిదే."

"నిచ్చెన ఎప్పుడన్న చేసుకోవచ్చు తాతా. నాకు మళ్ల ఏడాది లేదు!"

మొగిలి దగ్గాడు. చాలాసేపు ఆ పిల్లనే చూశాడు. చివరికి లేచి ఒకటి దించాడు.

చీల్చాడు. పైతోలు ముట్టకుండా లోపలివైపే చెక్కాడు. సెగ చూపి వంచాడు.

"రెండు దినాలు నీడల పండనియ్యి. అప్పటిదాక నారి కట్టకు."

వింటేగా! ఇల్లు చేరగానే నారి బిగించి లాగింది.

ఫట్!

మరునాడు రెండు ముక్కలూ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"ఇంకొకటి ఉంది గదా తాతా..."

మొగిలి అటకవైపు చూసి నవ్వాడు. "జోడు తప్పినంక ఒంటి కట్టె నేనేం జేసుకుంట? తియ్యి."

ఈసారి విల్లు ఆమె చేతికివ్వలేదు. రెండు రోజులు పక్కలో పెట్టుకుని పడుకున్నాడు. రుచిత పూటకోసారి వచ్చి "అయిందా?" అనడం, ఆయన "కాలే" అంటూ దగ్గడం.

మూడోనాడు తనే నారి కట్టి లాగాడు. రెండు కొసలూ సమంగా వంగాయి.

"ఫికర్ జెయ్యకు. గిది ఇరగదు."

"గెలిస్తె ముందుగాల నీకే సూపిస్త తాతా!"

"జల్ది రా బిడ్డా." మొదటిసారి ఆయనే తొందరపెట్టాడు.

గెలిచింది. జట్టులో పేరు చదవగానే విల్లు భుజానేసుకుని, లడ్డూల డబ్బాతో వానలోనే బయల్దేరింది.

మొగిలి వాకిట్లో జనం. గుమ్మం లోపల చాప మీద ఆయన. పైన తెల్లగుడ్డ.

"తెల్లారంగ పోయిండు," అంది పక్కింటి భూమవ్వ.

అంతలో ఇద్దరు మగవాళ్లు తడిసి ముద్దై వచ్చారు. "అన్ని దుకాండ్లు బందున్నయి. పాడెకు వెదురు యాడా దొరుకుతలేదు."

భూమవ్వ నెత్తి కొట్టుకుంది.

"పెండ్లాం సచ్చిననాడు గిసొంటి వాననే. పాడెకు కట్టెల్లేక పొద్దుమూకెదాక గోసపడ్డడు. నా పాడెకు ఎవ్వల్ని పరేషాన్ జెయ్యనని, పదేండ్ల సంది జోడు కట్టెలు అటక మీద దాసుకున్నడు. పది రోజులు నేను ఊర్లె లేకపోతె, ఏ పాపిష్టోడు ఎత్తుకపోయిండో!"